కమాను కింది కాపురాలు

విశాఖపట్నంలో రాత్రి ఎక్కిన కోర్బా ఎక్స్‌ప్రెస్ పార్వతీపురం, రాయగడ దాటి, రాయపూర్ మీదుగా మర్నాటి ఉదయానికి బిలాస్‌పూర్ చేరుతుంది. ఈ స్టేషన్‌లోని పొడవైన ప్లాట్‌ఫారం 802 మీటర్లు. సామాను మోసుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరకు వచ్చిన వారెవరైనా ఆ లెక్కను నమ్ముతారు. గడచిన జూన్‌లో నేను అక్కడ దిగినప్పుడు ముందుగా చెవినబడినది రైలు కూత కాదు. పైకప్పు నుంచి జారిపడుతున్న సన్నని కీచుధ్వని. తలెత్తి చూస్తే, కొడవలి వంటి రెక్కలతో, నడుము మీద తెల్లని పట్టీతో పది పన్నెండు నల్లని పిట్టలు గుంపుగా కప్పు కిందికి దూసుకువచ్చి, తటాలున మలుపు తిరిగి, ఎండలోకి వెళ్లిపోతున్నాయి.

ఇంగ్లీషులో వీటిని స్విఫ్ట్‌లంటారు. మన పల్లెల్లో వీటినీ, రూపంలో వీటిని పోలిన స్వాలోలనూ కలిపి వానకోవెలలనేస్తారు. నిజానికి ఆ రెండింటికీ చుట్టరికం లేదు. స్విఫ్ట్‌కు దగ్గరి బంధువులు అమెరికా ఖండాల హమ్మింగ్ పిట్టలు. అనువాదమే వృత్తిగా బతికే నేను ఒక కథలో దీనికి మాట దొరకక ‘పిచ్చుక’ అని రాసేసి చేతులు దులుపుకున్నాను. హిందీవారు నయం, వారికి ‘బతాసీ’ ఉంది. తూర్పు భాషలలో బతాస్ అంటే గాలి. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘అపస్’, అనగా కాళ్లు లేనిది. కాళ్లు లేకపోలేదు గాని, అవి నడవడానికి పనికిరావు. గోడను పట్టుకుని వేలాడడానికి మాత్రమే సరిపోతాయి. ఆహారం, నీరు, ఆఖరికి గూటికి కావలసిన ఈకలు, పరకలు కూడా ఎగురుతూనే సంపాదించుకుంటాయి. యూరప్‌లో గూడు కట్టే స్విఫ్ట్ జాతిలో కొన్ని పిట్టలు 10 నెలలపాటు నేల మీద గాని, కొమ్మ మీద గాని వాలకుండా గాలిలోనే గడుపుతాయని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంవారు 2016లో నిరూపించారు. మన చిన్న స్విఫ్ట్ తీరు వేరు. ఏడాది పొడవునా రాత్రిపూట తన గూటికే వచ్చి పడుకుంటుంది. కనుక దానికి గూడు పురిటి గది మాత్రమే కాదు, ఇల్లే.

స్టేషను బయట మా మావయ్య ఆటో మాట్లాడి ఉంచాడు. బిలాస్‌పూర్‌లో తెలుగు మాట వినిపించడం వింత కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుంచి ఆసన్‌సోల్‌కు వేసిన మార్గం 1891లో పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారు ఆ కంపెనీ పనులలో కుదిరి ఖరగ్‌పూర్‌కూ, ఇక్కడికీ తరలివచ్చారు. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. కోర్బా బొగ్గు రాత్రింబవళ్లు ఈ ఊరి గుండానే పోతుంది. లోకో షెడ్‌లో ముప్పయి రెండేళ్లు పనిచేసి రిటైరైన మావయ్య తోర్వా వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆయన తెలుగులో టెక్కలి యాస ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

ఆయన వీధి చివర ఒక పాత రెండంతస్తుల ఇల్లుంది. ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానులు కట్టిన పైకప్పు. వరండాలో ఆ కమానుల మూలల్లో, ఈకలూ గడ్డీ ఉమ్మితో అంటించి కట్టిన గూళ్లు వరుసగా ఉన్నాయి. ఇరవై ఒకటి లెక్కపెట్టాను. ఏప్రిల్‌లో ఇంటి యజమాని కప్పుకు ప్లాస్టరింగ్ చేయించడానికి పరంజా కట్టించాడట. అప్పుడు మావయ్య, ఆయన పింఛనుదారు మిత్రులు ముగ్గురు వెళ్లి, సెప్టెంబరు దాకా ఆగమని అడిగారు.

“ఆయన తప్పేటి లేదమ్మా,” అన్నాడు మావయ్య. “కింద రెట్టలు, కంపు. అద్దెకొచ్చినోళ్లు ఉండనంటన్నారు. మేం నాలుగు బల్లలు కొని గూళ్ల కింద బిగించాం. వారానికోసారి కడిగించే కూలి మాది.”

చూడబోతే ఉపాయం అంత చిన్నది. గూటికి మూడడుగుల కింద ఒక చెక్కపలక. రెట్ట దాని మీద పడుతుంది, నేల శుభ్రంగా ఉంటుంది. గుడ్డు పొదగడానికి సుమారు 3 వారాలు, పిల్ల ఎగరడానికి మరో 5 నుంచి 7 వారాలు పడుతుంది. ఆ రెండు నెలలపాటు మేస్త్రీని ఆపగలిగితే ఒక సంతానం దక్కినట్లే. ఫిబ్రవరి మొదలు సెప్టెంబరు వరకు గుడ్లు పెట్టే కాలం కనుక ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి; అందుకే సెప్టెంబరు గడువు.

ఆయన చెబుతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. పన్నెండేళ్ల కిందట మా చెల్లెలి పెళ్లికి ఇంటికి రంగులు వేయిస్తూ, పోర్టికో పైనున్న అయిదు గూళ్లను వెదురుగడతో పొడిపించింది నేనే. రెండింటిలో గుడ్లున్నాయి. వారం రోజులపాటు సాయంకాలం ఆ పిట్టలు వచ్చి, కొత్త రంగు మీద ఒకసారి అంటుకుని చూసి, జారిపోయేవి. పెళ్లి సందడిలో అది చూసిన వారు నేనూ, వంటమనిషీ మాత్రమే.

ఈ ఊరి స్టేషను రవీంద్రనాథ్ ఠాకూర్ కవితలో ఒకటైన ‘ఫాంకి’కి వేదిక, అది 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలో ఉంది. ఒక పేదరాలికి ఇరవై అయిదు రూపాయలిమ్మని జబ్బు మనిషి అయిన భార్య అడిగితే, భర్త రెండు రూపాయలిచ్చి, ఇచ్చేశానని నమ్మిస్తాడు. భార్య మరణించాక బాకీ తీర్చుకుందామని బిలాస్‌పూర్‌కు తిరిగివస్తే ఆ పేదరాలు ఎక్కడా కనబడదు. డిగ్రీ రోజులలో చదివి మరచిన ఆ కవిత ఆ వరండాలో గుర్తుకువచ్చింది.

చట్టం లేదా అంటే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడాన్ని కూడా వేట కిందనే నిర్వచించింది. కాని సున్నం వేసే కుర్రవాణ్ణి వేటగాడని ఏ పోలీసు పట్టుకుంటాడు? పైగా ఇది అంతరించిపోతున్న పక్షి కాదు. దీని కోసం ఎవరూ అభయారణ్యం ప్రకటించరు. బ్రిటన్‌లో ఒకప్పుడు ఇదే ధీమా ఉండేది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియం గోపురంలో పెట్టెలు అమర్చి, 1940ల చివర డేవిడ్ లాక్ స్విఫ్ట్‌ల పరిశీలన ప్రారంభించినప్పుడు అవి సర్వసాధారణ పక్షులు. 2021లో అక్కడి ఎర్ర జాబితాకెక్కాయి. పురుగులు తగ్గడం ఒక కారణమైతే, పాత ఇళ్ల మరమ్మతులలో కన్నాలు మూసివేయడం మరొకటి. ఇప్పుడు అక్కడి ఔత్సాహికులు లోపల బోలుగా ఉన్న ప్రత్యేక ఇటుకలను కొత్త గోడలలో పెట్టిస్తున్నారు. జెరూసలేంలోని పశ్చిమ కుడ్యం రాళ్ల సందులలో స్విఫ్ట్‌లు గూడు కట్టుకుంటాయి. మరమ్మతు చేసేవారు ఆ సందులను వాటికే వదిలివేస్తారు.

అమృత్ భారత్ పథకం కింద బిలాస్‌పూర్ స్టేషనుకూ పునర్నిర్మాణం తలపెట్టారు. గాజు, ఉక్కు పలకల నునుపు మీద ఉమ్మి అంటుకుంటుందో లేదో పిట్టలే చూసుకోవాలి. ప్రయాణికులకు నీడ కావాలి, లిఫ్టులు కావాలి, నేను కాదనను. ఆ నక్షా గీసేవారి బల్ల దగ్గరకు కూడా నలుగురు పింఛనుదారులు వెళ్లి ఒక అంచు, ఒక గరుకు మూల అడిగితే బాగుండునని మాత్రం అనిపించింది.

“లండనూ అదీ ఎందుకమ్మా,” అన్నాడు మావయ్య. “మన తేలినీలాపురంలో గూడబాతుల్ని చూడు, తేలుకుంచిలో నత్తగుల్ల కొంగల్ని చూడు. పురిటికొచ్చిన ఆడపిల్లల్ని చూసినట్టు చూస్తారు. కొట్టనిస్తారేటి?” ఆ రెండు ఊళ్లూ శ్రీకాకుళం జిల్లావే. పక్షులు వస్తే వానలు, పంటలు బాగుంటాయని అక్కడి వారి నమ్మకం. ఎన్నో ఏళ్లుగా తమ ఇళ్ల పక్క చెట్లను వాటికి విడిచిపెట్టారు. మావయ్య ఆ పద్ధతిని మూటగట్టుకుని వచ్చి, చెట్టు లేనిచోట కమానుకు వర్తింపజేశాడు.

మూడో రోజు గాలివాన వెలిశాక వరండా మెట్ల కింద ఒక పెద్ద పిట్ట పడి ఉంది. రెక్కలు మరీ పొడవు, కాళ్లు మరీ పొట్టి. చదును నేల మీద నుంచి లేవడం దానికి గగనమే. వెనుకటికి మావయ్య అలాంటి వాటిని బంతిలా పైకి విసిరేవాడట. ఒకటి గోడకు కొట్టుకుని చచ్చాక మానేశాడు. విసరకూడదు; అన్నం మెతుకులు, పాలు పెట్టకూడదు. దాన్ని తువ్వాలులో తీసుకుని, మేడ మీదికి వెళ్లి, తెరిచిన అరచేతిని తలకన్న ఎత్తున చాచి నిలబడ్డాడు. డెబ్బయి రెండేళ్ల మనిషి, చేయి వణుకుతున్నది. పిట్ట కదలలేదు. అయిదు నిమిషాలయ్యాక నా చేయి అందించాను. దాని గోళ్లు వేలి చర్మాన్ని సూదుల్లా పట్టుకున్నాయి. అది గజగజ వణికింది, రెక్కలు విప్పింది, అంచు నుంచి జారి నేల దాకా పడినట్లే పడి, ఎదురింటి పిట్టగోడ మీదుగా పైకి లేచిపోయింది.

“సెప్టెంబరు తర్వాత?” అని అడిగాను కిందికి దిగుతూ.

“రెండు కమానులు వదిలేస్తానన్నాడు. మిగతావి పూసేస్తాడు. ఇంకో రెండు అడుగుతాం,” అన్నాడు మావయ్య, పలక కడిగే కుర్రవాడికివ్వవలసిన డబ్బు జేబులో వెతుక్కుంటూ.