మా ఇంటి ముంగిట గరిక

పచ్చికను చూచి ఆనందించని మనిషి అరుదు. ఆ పచ్చదనానికి ఆధారం ఎక్కడ ఉన్నదని ఆలోచించే మనిషి అంతకంటె అరుదు. మేము అన్నదమ్ములం ఇద్దరమూ చాలకాలం ఆ ఆలోచన చేయలేదు. మా అజ్ఞానానికి మా ఇంటి ముంగిలి మూల్యం చెల్లించింది. ఆ అనుభవాన్ని విద్యార్థి మిత్రులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదులోని మా ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల చిన్న పచ్చిక ఉన్నది. నాన్నగారు స్వహస్తాలతో గరిక నాటి పెంచినది అది. సాయంకాలం అమ్మ అక్కడ కుర్చీ వేసుకొని కూర్చునేది. నాన్నగారు ప్రక్కనే చతికిలబడి కలుపు ఏరేవారు. వారు కాలం చేసిన తరువాత ఆ పని మా చేతికి వచ్చింది.

మాకు భక్తి అధికం, తెలివి అల్పం. ప్రతి సాయంత్రం గొట్టంతో ఆకు తడిసేటట్లు నీరు చల్లాము. తివాచీవలె కనబడాలని నేలకు అంటుకొనేటట్లు కోశాము. పాలిపోతున్నదని తడి ఆకుల మీదనే గుప్పెళ్లతో యూరియా చల్లాము. ఏడాది తిరగకముందే ఆకు మాడింది. నడుమ బట్టతల వలె ఖాళీలు ఏర్పడ్డాయి. ఆ ఖాళీలలో తుంగ తల ఎత్తింది. చూడవచ్చిన బంధువులు షాబాదు బండలు పరిపించుకోమని సలహా ఇచ్చారు. అమ్మ ఏమీ అనలేదు. కుర్చీని మాత్రం వసారాలోకి జరుపుకొన్నది. ఆ మౌనం మమ్ములను బాధించినంతగా ఏ నిందా బాధించి ఉండదు.

మా వీధి చివర ఒక ముసలి మాలీ ఉండేవాడు. అందరమూ చాచా అని పిలిచేవాళ్లము. ఆయనను బతిమాలి తీసుకొనివచ్చాము. ఆయన ఒక గరిక కుదురును పెకలించి మా అరచేతిలో పెట్టాడు. వేరు వ్రేలి కణుపంత పొడవు కూడా లేదు.

"రోజూ పైపైన నీళ్లు దొరుకుతుంటే వేరు లోపలికి ఎందుకు పోతుంది బేటా? మీరు ఆకుకు సేవ చేశారు, వేరును మరిచారు" అన్నాడు.

తక్కిన పాఠమంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే. నీరు రోజూ వద్దు. వారానికి ఒకమారు, తెల్లవారుజామున, నేల నాలుగైదు అంగుళాల లోతు నానేటట్లు పెట్టాలి. సాయంత్రం పెడితే ఆకు రాత్రంతా తడిగా ఉండి బూజు తెగులుకు తావిస్తుంది. ఎంత నీరు పెట్టామో తెలియడానికి పచ్చిక మీద ఒక పళ్లెం ఉంచి, అందులో అంగుళం నీరు నిలిచేవరకు చల్లాము. మా స్థలానికి అది సుమారు 700 లీటర్లు. కోతలో మూడవ వంతుకు మించి ఒక్కసారి తీయరాదు. ఒకటిన్నర అంగుళం ఎత్తు కావాలంటే రెండుంబావు అంగుళాలు పెరిగిన తరువాతనే కోయాలి. కత్తెర పదునుగా ఉండాలి. మొండి కత్తెర ఆకును చీల్చుతుంది, కొనలు తెల్లబడతాయి. కోసిన పొట్టి తునకలను అక్కడనే వదిలితే అవే ఎరువు అవుతాయి.

యూరియాలో నత్రజని 46 శాతం. మా 300 చదరపు అడుగులకు ఒక విడతకు 300 గ్రాములు మించరాదు. ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీరు పెట్టాలి. దానికంటె జల్లించిన పశువుల ఎరువు పలుచగా పరచడం మేలు. నడిచి నడిచి గట్టిపడిన నేలలో ఇనుపచువ్వతో బెత్తెడు దూరానికి ఒకటి చొప్పున రంధ్రాలు చేశాము. తుంగను పైన పీకితే లాభం లేదు. గొలుసువలె అల్లుకొన్న గడ్డలను త్రవ్వి తీయాలి. రెండు వానాకాలాలు త్రవ్వినా అది మమ్ములను పూర్తిగా వదలలేదు. మామిడిచెట్టు నీడలో గరిక రాదని ఒప్పుకొని అక్కడ కుండీలు పెట్టాము.

అసలు పరీక్ష వేసవిలో వచ్చింది. బోరుబావిలో నీరు అడుగంటింది. వీధిలో బిందెలు వరుస కట్టినప్పుడు గడ్డికి వందల లీటర్లు పోయడానికి మనస్సు ఒప్పలేదు. బియ్యం, కూరలు కడిగిన నీటిని మాత్రమే మార్చి మార్చి పోశాము. పచ్చిక ఎండి గోధుమరంగు పట్టింది. మేము దిగులుపడితే చాచా నవ్వాడు. "ఇది దూబ్. చావలేదు, పడుకొన్నది. తొక్కకుండా ఉంచండి, చాలు" అన్నాడు.

జూన్‌లో తొలకరి పడింది. కొద్దిరోజులకే ఎండుగడ్డి నడుమ సూదిమొనల వంటి మొలకలు కనిపించాయి. నెల తిరిగేసరికి నేల కప్పుకొన్నది. ఒక సాయంత్రం మేము ఇల్లు చేరేసరికి అమ్మ కుర్చీ మళ్లీ పచ్చిక మీద ఉన్నది.

నిత్యం పచ్చగా కనబడాలన్న ఆరాటమే మా పచ్చికను చంపబోయింది. వేరు లోతుగా దిగనిస్తే ఆకు తన కాలానికి తానే వస్తుంది. చదువుకొనే వయస్సులో ఉన్న మిత్రులకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదని మా నమ్మకం.