మేనకోడలి కొత్త కొలువు

కొత్తగా కొలువులో చేరినవారికి మొదటి నెల కష్టమని మేము గుమాస్తాలము చెప్పుకుంటూ వుంటాము. యే ఫైలు యెక్కడున్నదో తెలియదు, అధికారి మనసు తెలియదు, కాఫీ యే వేళకు వస్తుందో అదీ తెలియదు. కాని మా మేనకోడలు హోసూరు అటవీ డివిజనులో గార్డుగా చేరిన తరువాత, మా కష్టం ఒక కష్టమే కాదని మాకు తెలిసివచ్చినది.

"ఆడపిల్లకు అడవి వుద్యోగమేమిటి? పెళ్లివారు వస్తే యేమని చెప్పేది?" అని మా అక్క కంట తడి పెట్టుకున్నది. అమ్మాయి నవ్వి, "చెట్లకు కాపలా అని చెప్పమ్మా" అన్నది. తీరా చేరి చూస్తే, చెట్లతో పని తక్కువ, మనుషులతో పని యెక్కువ అయినది.

మా కెలవరపల్లి ప్రాంతం చదువరులలో చాలామందికి తెలిసినదే. దక్షిణ పినాకిని మీద 44.28 అడుగుల జలాశయం, చుట్టూ పల్లెలు, మెట్ట చేలలో రాగి. ఆ రాగి పంట చేతికి వచ్చే రోజులలో బన్నేరుఘట్ట అడవుల నుండి యేనుగుల మందలు తళి, జవళగిరి మీదుగా దిగివచ్చి సానమావు అడవిలో మకాం వేస్తవి. పెద్ద యేనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. ప్రభుత్వంవారు వాటి కొరకు 2014లో 504 చదరపు కిలోమీటర్ల కావేరి ఉత్తర అభయారణ్యమును, 2022లో 686 చదరపు కిలోమీటర్ల దక్షిణ అభయారణ్యమును ప్రకటించినారు. మంచిదే. కాని యేనుగుకు గెజిట్టు చదవడం రాదు గదా!

2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర, దొంగతనంగా కరెంటు పెట్టిన కంచె తగిలి మూడు ఆడ యేనుగులు చనిపోయినవి. రెండు పిల్లలు తల్లి లేనివై మిగిలినవి. అందుచేత కొత్త గార్డుకు మొదట అప్పగించిన పని, పల్లెల్లో యెవరూ అటువంటి కంచె కట్టకుండా చూడడం.

మా పక్క పల్లెలో ఒక ముసలి రైతు గూటాలు పాతి, తీగెచుట్ట తెచ్చి పెట్టుకున్నాడు. కరెంటు యింకా కలపలేదు. ఆయనకు తమిళం అంతంత మాత్రం. అమ్మాయి చట్టం మాట యెత్తక, గట్టు మీద కూర్చుని యింటి తెలుగులో పలకరించినది.

"యేనుగు సర్కారుది, చేను నాది. తినిపోతే నాకెవరిస్తారు పాపా?" అన్నాడాయన.

"సర్కారే యిస్తుంది తాతా. అర్జీ మా మామ రాసిస్తాడు. ఈ తీగె యేనుగునే పట్టుకుంటుందా? తెల్లవారుఝామున నీళ్లు కట్టను వచ్చేది నీ మనుమడే కదా!"

ముసలాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తానే గూటాలు పీకినాడు.

పది రోజులకు మంద వచ్చి అర యెకరం రాగి తిని తొక్కిపోయినది. అమ్మాయి రాత్రంతా తక్కిన వాచర్లతో టార్చిలైటు పట్టుకుని తిరిగి, తెల్లవారి ఫోటోలు తీసి, ఆయనను మా యింటికి పిలుచుకు వచ్చినది. మేము పట్టా నకలు, గ్రామాధికారి సర్టిఫికెట్టు చేర్చి తమిళంలో అర్జీ రాసి యిచ్చినాము.

అది వెళ్లి మూడు నెలలైనది. యే బల్ల మీద పడుకున్నదో తెలియదు. ముసలాయన అమ్మాయిని యేమీ అనడు. కనబడితే "బాగుండావా పాపా" అంటాడు, అంతే. ఆ మర్యాదే ఆమెకు భారంగా వున్నది. ఆదివారం నాడు వచ్చినప్పుడల్లా, "మామా, ఆ అర్జీ యేమైంది?" అని అడుగుతుంది. మేము మళ్లీ జ్ఞాపకపు లేఖ రాసి పంపుతాము.

వచ్చే యేడు మళ్లీ రాగి పండుతుంది, మళ్లీ యేనుగులు వస్తవి. తీగెచుట్ట ఆయన యింటి అటక మీదనే వున్నది. అడవిలో తిరిగే పిల్ల యిచ్చిన మాట నిలబడడం, ఫ్యాను కింద కూర్చునే మాబోటి గుమాస్తాల చేతిలో వున్నది.