ద్రాస్ లోయలోని గోధుమవన్నె యెలుగు

భల్లూకమన్నంతనే మన తెలుగునాట నల్లని బొచ్చును, ఱొమ్ముపై తెల్లని గుఱుతును గలిగి, చెదపుట్టలు త్రవ్వి పురుగులను పీల్చి తిను ఎలుగుబంటియే కన్నుల ముందు నిలుచును. కాని హిమాలయములందు గోధుమవన్నె భల్లూకము వేఱొకటి కలదు. గత వేసవిని మేము శ్రీనగరము నుండి సోనామార్గు మీదుగా ద్రాస్ లోయకు పోయినప్పుడు దాని వృత్తాంతము కొంత తెలియవచ్చినది. సోదరీమణులకు వినోదమును, ఉపయోగమును కలుగునని యిచ్చట వ్రాయుచున్నాము.

సోనామార్గు వఱకు దారి పొడవునను పచ్చని వనములు, పచ్చిక బయళ్లు, నురుగులు గ్రక్కు సెలయేఱులును కలవు. అచ్చటినుండి 3,528 మీటర్ల యెత్తున నున్న జోజిలా కనుమ దాటినంతనే లోకము మాఱిపోవును. కొండలపై చెట్టన్నది కానరాదు. బూడిదవన్నె ఱాళ్లు, వానిపై పలుచని గడ్డి, ఏటి యొడ్డున చిన్న చిన్న పొలములు, గొఱ్ఱెల మందలు, ఇంతియే. ద్రాస్ వాసులలో పెక్కురు షీనా భాష మాటలాడుదురు. శీతకాలమున మంచు దారులను మూసివేయును గాన, వేసవిలోనే వారు ధాన్యమును, పశువుల మేతను కూర్చుకొందురు.

భల్లూకము చేయునదియు నదియే. మేము చేరిన మఱునాటి సాయంకాలము బండి నడపు నతడు ఏటి కావలి వాలును చూపెను. దుర్భిణిలో చూడగా ఎఱ్ఱమన్ను వంటి రంగు, భుజములపై మూపురము వలె లేచిన కండయు కానవచ్చినవి. ఆ కండ బలముతోనే యది నేల త్రవ్వి దుంపలను, బొఱియలలోని మార్మాట్ అను ఎలుకజాతి జంతువులను వెలికి తీయును. మాంసము దొరికిన విడువదు గాని, దాని యాహారములో గడ్డియు, ఆకులలములును మిక్కిలి యెక్కువ.

సంస్కృతమున ఎలుగునకు ఋక్షమని పేరు. జాంబవంతుని ఋక్షరాజనుట యందఱెఱిగినదే. గ్రీకుల ఆర్క్టోస్ అను మాటయు ఋక్షమునకు తోబుట్టువు. సప్తర్షులను పూర్వము ఋక్షములనిరని శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. గ్రీకులును ఆ చుక్కలను ఎలుగనియే పిలిచిరి. శాస్త్రజ్ఞులు గోధుమవన్నె భల్లూకమునకు ఉర్సుస్ ఆర్క్టోస్ అని పేరిడిరి. ఈ జాతి ఐరోపా, ఉత్తర ఆసియా, ఉత్తర అమెరికాలందును కలదు. ధ్రువప్రాంతపు తెల్లయెలుగు దీనికి దగ్గఱి చుట్టము. హిమాలయ శాఖ మాత్రము సుమారు 6,50,000 సంవత్సరములకు పూర్వమే, మహాహిమయుగ కాలమున, తక్కిన వానినుండి విడిపోయెనని 2017లో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది. యేతి యను మంచుమనిషివని దాచిన తొమ్మిది యవశేషములను ఆ పరిశోధకులు పరీక్షింపగా, ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది యని తేలినది.

ఈ జంతువు మాతృధర్మము వినదగినది. వేసవిలో జత కూడినను గర్భమందలి పిండము వెంటనే పెరుగదు. శరదృతువు వచ్చువఱకు వేచియుండును. తల్లి కడుపార మేసి, క్రొవ్వు కూర్చుకొని, గుహ సొచ్చిన పిదపనే అది పెరుగును. నడిచలికాలమున అర కిలో బరువైనను లేని పిల్లలు పుట్టును. వసంతము వఱకు తల్లి యన్నపానములు లేకయే వానికి పాలిచ్చును. ద్రాస్ కొండలకు వాయవ్యమున, నియంత్రణరేఖ కావల నున్న దేవ్‌సాయి పీఠభూమిలో జరిగిన పరిశీలనను బట్టి, ఆఁడుది తొలిచూలు కనుటకు ఎనిమిదేండ్లు పట్టును. కాన్పునకు కాన్పునకు నడుమ దాదాపు ఆఱేండ్లు గడచును. కావున ఒక్క తల్లి చచ్చిన ఆ లోటు తీఱుటకు ఎన్నియేండ్లు కావలయునో యూహింపవచ్చును.

ఇట్టి దానికిప్పుడు క్రొత్త కీడు మూడినది. సోనామార్గు ప్రాంతపు భల్లూకముల పెంటికలలో ప్లాస్టిక్ సంచులు, మిఠాయిల పొట్లపు కాగితములు కనబడెనని 2021లో వెల్లడియైనది. బసలవారు, యాత్రికులును పాఱవైచిన యెంగిలి దానికి రుచి మఱిగినది. రుచి మఱిగినది ఊరు చేరును. ద్రాస్‌లో ఒక యిల్లాలిని పలుకరింపగా, బండి నడపు నతడు ఆమె మాటలను మాకిట్లు తెలిపెను: "అక్కా, మా యత్తగారి కాలమున అది మనిషి వాసన తగిలిననే పాఱిపోయెడిది. ఇప్పుడు గొఱ్ఱెల దొడ్డి తలుపు తట్టుచున్నది. ప్రొద్దు క్రుంకిన పిదప పిల్లలను గడప దాటనీయము. అది చావవలెనని మాకు లేదు. మా గొఱ్ఱెలు పోయిన మేమేమి తినవలె?"

ఆమె మాట కాదనుట కష్టము. భయము ముదిరినచోట కనికరము నిలువదు. 2019లో ద్రాస్ ప్రాంతమున జనులు ఱాళ్లు రువ్వుచుండగా ఒక భల్లూకము కొండవాలు నుండి జాఱి యేటిలో పడిన దృశ్యము దేశమంతయు చూచినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలున దీనిని చేర్చినది. కాని దొడ్డి తలుపును చట్టము కాపాడజాలదు.

అయినను ఆశ లేకపోలేదు. దేవ్‌సాయిని 1993లో జాతీయవనముగా నేర్పఱచునాటికి అచ్చట సుమారు 20 భల్లూకములే యుండెను. వేటగాండ్రను అరికట్టి, ఊరివారిని కాపుదలలో చేర్చుకొనగా, 2006 నాటికి 40కి మించినవి. ద్రాస్‌లోను గట్టి దొడ్లు కట్టించి, ఊరి చెంత చెత్తకుప్పలు లేకుండ చేసినచో, ఆ యిల్లాలి గొఱ్ఱెలును, కొండమీది తల్లియు దక్కవచ్చును.

అమరనాథ యాత్రకై బాల్తాల్ దారిని మన తెలుగు స్త్రీలును ఏటేట పోవుచున్నారు. పులిహోర పొట్లము విప్పిన చోటనే విస్తరి విడుచుట మనకలవాటు. ఆ కొండలలో నట్లు చేయరాదు. ఒక గుడ్డసంచి వెంట నుంచుకొని, మిగిలిన మెతుకును, ఖాళీ పొట్లమును దానిలో వైచి, శ్రీనగరము వఱకు తెచ్చి చెత్తబుట్టలో వేయవలెను. మేమట్లే తెచ్చితిమి, ఆఱుగురి ఐదు దినముల చెత్త రెండు సంచులు నిండినది. అంత కొండపై విడిచియుండిన, ఏ భల్లూకమునకో ఊరి దారి చూపియుండెడిది.