ఒక పిడికెడు బువ్వ

మా అమ్మమ్మ పోయి ఈ కార్తీకానికి మూడేళ్ళు. కార్తీకం అంటే మాకు కురుమూర్తి జాతర. చిన్నచింతకుంట దగ్గర కొండ మీదున్న ఆ స్వామే ఆమెకు పెద్దదిక్కు. వడ్డెమాన్ నుంచి ఊరేగింపుగా వచ్చే స్వామి పాదరక్షలు, అదే ఉద్దాలు, తలకు తాకించుకోనిదే అమ్మమ్మ తిరుగుముఖం పట్టేది కాదు. కొత్తకుండలో వండిన అన్నం, పచ్చిపులుసు నైవేద్యం పెట్టి, "మల్లొచ్చే ఏడు అందర్ని తీస్కొస్త సామీ" అని చెప్పి మరీ బయల్దేరేది.

పుట్టిన సంవత్సరం ఆమెకు తెలియదు. రజాకార్ల గడబిడప్పుడు కాపురానికి వచ్చానని చెప్పేది. తొంభైకి దగ్గరపడి పోయిందని మేమే లెక్క కట్టుకున్నాం.

పాలమూరు సంగతి మీకు తెలిసిందే కదా. వాన పడితే జొన్నలు, పడకపోతే వలస. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. కొన్నేళ్ళకు మేస్త్రీ వెంట మా తాతా అమ్మమ్మా ఆ పనికి పోయారు. అది రాతి కట్టడం. ఎన్ని వేల మంది తలల మీద ఆ రాళ్ళు పైకి వెళ్ళాయో! అమ్మమ్మ నడినెత్తిన జుట్టు పలచబడి ఉండేది. నూనె రాసేటప్పుడు నా వేళ్ళకు తగిలేది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ గుంటూరు వైపు, ఎడమకాలువ మా నల్లగొండ వైపు. అమ్మమ్మ చెలక మాత్రం ఎప్పటిలాగే ఎండింది. దానికి ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు. మా అమ్మకు సంబంధాలు చూసేటప్పుడు మాత్రం ఒకటే పట్టు పట్టిందట, "నా బిడ్డను కాల్వ పారే ఊరికే ఇస్త" అని. ఇప్పుడు మనం పిల్లాడి ప్యాకేజీ అడుగుతున్నాం. ఆమె కాలువ అడిగింది. అలా మా అమ్మ మిర్యాలగూడ దగ్గరి ఊరికి కోడలైంది.

మా ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మమ్మ పొద్దున్నే కాలువ గట్టుకు పోయేది. దోసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకుని, కొంగులో కట్టుకొచ్చిన అన్నం ఒక పిడికెడు నీళ్ళలో వదిలేది. నాకప్పుడు పదిహేనేళ్ళు. బట్టలుతికే ఆడవాళ్ళు నవ్వుతుంటే తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు మొహం మీదే అన్నాను, "ఇజ్జత్ పోతుంది, నన్ను పిలవకు" అని. ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పిలవలేదు. ఇంకా చీకటుండగానే ఒక్కతే పోయి వచ్చేది.

ఆ అన్నం ఎవరికో నాకు కొడుకు పుట్టాక తెలిసింది. పిల్లాడికి జ్వరం వచ్చి రాత్రంతా నేను ఏడుస్తుంటే అమ్మ చెప్పింది. సాగర్ పనిలో ఉండగా మా అమ్మకంటే పెద్దవాడు, మూడేళ్ళ మేనమామ, జ్వరంతో పోయాడట. అక్కడే మట్టిచేసి, మూడోనాడు మళ్ళీ తట్ట ఎత్తుకుందట అమ్మమ్మ.

బీఏ తెలుగు చదివి పద్యాలకు అర్థాలు రాశాను. ఆ పిడికెడు అన్నానికి అర్థం అడగాలని తోచలేదు. తెలిశాక కూడా ఆమె దగ్గర ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

చివరిసారి సంక్రాంతికి అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె మంచం దిగే స్థితిలో లేదు. కాలువ పారుతోంది. నేనే వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాను. చెయ్యి తడిపి కళ్ళకద్దితే కాసేపు అట్లాగే ఉంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"వానికి బువ్వ ఏసినవా బిడ్డా?"

లోపల అమ్మ అన్నం వారుస్తోంది. పొగలు కక్కుతున్న గిన్నెలోంచి ఒక పిడికెడు కొంగులో వేసుకుని మళ్ళీ గట్టుకు నడిచాను. బట్టలుతికే వాళ్ళు ఆ రోజూ ఉన్నారు.