గెలుపు ముందు, పెళ్లి తర్వాత

నవలల్లో టీనేజ్ క్రీడాకారిణి ఫైనల్‌నీ, ప్రేమనీ ఒకే రోజు గెలుస్తుంది. హైదరాబాద్ బ్యాడ్మింటన్ కోర్టుల్లో కలిసి ఎదిగిన సైనా నెహ్వాల్, పారుపల్లి కశ్యప్‌ల కథ అంత తొందరపడలేదు. సాధన, టోర్నీలు, ప్రయాణాల మధ్య పెళ్లి మాట వాయిదా పడుతూ వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆమెకు కాంస్యం, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో అతడికి స్వర్ణం దక్కాయి. పెళ్లి మాత్రం 2018 డిసెంబర్‌లో గానీ కాలేదు. ఆపై ఆమె ఆడుతుంటే కోర్టు పక్కన కోచ్ కుర్చీలో కూర్చున్నదీ అతడే.

2025 జూలైలో విడిపోతున్నట్లు ప్రకటించారు. నెల తిరగకముందే మరోసారి ప్రయత్నిస్తామన్నారు. ఓడినా మర్నాడు పొద్దున్నే కోర్టుకు రావాలన్నది క్రీడాకారులు చిన్ననాడే నేర్చే పాఠం. అది ఇంట్లోనూ పనికొస్తుందేమో.