ఎవరిదో... ఆ చీర!

కొరియర్ కుర్రాడు ఇచ్చి వెళ్లిన పొట్లాన్ని ఆ అమ్మాయి పరుగున తెచ్చి సోఫాలో పెట్టింది. కత్తెర వెతికే ఓపిక కూడా లేదు. చించి తీస్తే... పసుపుపచ్చ గద్వాల్ చీర! ఎర్రటి పట్టు అంచు, అంచు పొడవునా జరీతో నేసిన రుద్రాక్షలు, బారెడు కొంగు.

'ఎంతే?' అంటూ వంటింట్లోంచి వచ్చింది తల్లి.

'మూడు వేల రెండొందలు.'

'ఏదీ, ఇలా ఇవ్వు' అని చేతిలోకి తీసుకుంది. మడతల దగ్గర రంగు కాస్త వెలిసింది. కొంగు చివర రఫూ చేసిన గుర్తు. అంతే, ఆవిడ మొహం మారిపోయింది.

'ఇది పాత చీర కదే! ఎవరో కట్టి విడిచింది డబ్బులిచ్చి మరీ తెచ్చుకుంటారా?'

'పాతది కాదమ్మా... వింటేజ్!'

కూతురు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతోంది. వచ్చేవారం కాలేజీలో ట్రెడిషనల్ డే. అందరూ కొత్త డిజైనర్ చీరల కోసం షాపుల చుట్టూ తిరుగుతుంటే, తను మాత్రం రెండు నెలలుగా ఫోన్లో పాత చీరలు వెతుకుతోంది. ఆ పిచ్చి చీరలతో మొదలైంది కాదు. నాన్న కాలేజీ ఫొటో చూసి గళ్ల చొక్కా కావాలంది. తాతయ్య ఫొటో చూసి బెల్‌బాటమ్ కుట్టించుకుంది. ఓ ఆదివారం స్నేహితురాలితో కలిసి ఎర్రగడ్డ సంతకెళ్లి తోలు బెల్టు బేరమాడి తెచ్చుకుంది. 'అందరూ ఒకే షాపులో ఒకేలాంటివి కొంటారమ్మా. ఇది నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది' అన్నది ఆ పిల్ల వాదన.

అందులో నిజం లేకపోలేదు. ఫ్యాషన్ గుండ్రంగా తిరుగుతుందని అందరూ అనేదే. ఒకప్పుడు పాతకాలపు సినిమాల్లో చూసి నవ్వుకున్న బుట్ట చేతుల జాకెట్టే ఇప్పుడు పెళ్లికూతురికి కావాలి. మోచేతుల దాకా చేతులు, వీపు మూసే మెడ, పెద్ద చుక్కల చీర... అన్నీ మళ్లీ వచ్చాయి. 2018లో 'మహానటి' వచ్చాక చాలామంది ఆడపిల్లలు సావిత్రి ఫొటోలు పట్టుకుని టైలర్ల దగ్గరికెళ్లారు. ఆ సినిమాలోని దుస్తులకు జాతీయ అవార్డు కూడా వచ్చింది మరి.

అయితే మోడల్ తిరిగొచ్చినంత తేలిగ్గా పనితనం తిరిగి రాదు. గద్వాల్ చీరనే తీసుకోండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచుని విడిగా నేసి కుట్టేస్తారనుకుంటారు చాలామంది. కానీ సంప్రదాయ పద్ధతిలో మగ్గం మీదే నూలు పేకనీ పట్టు పేకనీ ఒకదానిలో ఒకటి మెలేసి కలుపుతారు. అందుకే ఒంట్లో ఒక రంగు, అంచులో ఇంకో రంగు గీత గీసినట్టు విడిపోయి కనిపిస్తాయి. ఇక జరీ. అసలైన జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నటి వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూసినది. ఇప్పుడు వస్తున్న చాలా చీరల్లో ఉండేది పాలిస్టర్ దారం మీద మెరుపు. ఈ తేడా తెలిసినవాళ్లు పాత చీరల కోసం ఎగబడటంలో వింతేముంది?

ఇవన్నీ కూతురు గుక్కతిప్పుకోకుండా చెప్పినా తల్లి మనసు మాత్రం కుదుటపడలేదు. 'అక్క లంగా చెల్లెలు కట్టుకుంటే వేరు. అమ్మమ్మ చీరలతో బొంత కుట్టినా, పసిపిల్లకి ఉయ్యాల కట్టినా వేరు. అవి మనవాళ్లవి. ఇదెవరిదో ఏం తెలుసు?' అంది.

'మనవాళ్లది ఉంటే నేనెందుకు కొంటానమ్మా? అమ్మమ్మ పెళ్లిచీర అచ్చం ఇలాగే ఉండేదని నువ్వే చెప్పావుగా. ఆ బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో చూసే కదా ఇది వెతికింది!'

ఆ మాటతో గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మమ్మ చేతులు ఆగాయి. ఆవిడ కర్నూలు నుంచి వచ్చి వారమైంది.

అమ్మమ్మ పెళ్లి 1976లో. కర్నూలుకి గద్వాల ఎంత దూరం! వాళ్ల నాన్న స్వయంగా వెళ్లి తెచ్చిన చీర అది. ఆ తర్వాత ప్రతి పండక్కీ ట్రంకుపెట్టెలోంచి తీసి, నీడన ఆరేసి, మడత మార్చి, తెల్ల గుడ్డలో చుట్టి పెట్టేది. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే పట్టు అక్కడే చిరుగుతుందని ఆవిడ భయం. ఆ చీర తనకే వస్తుందని కూతురు చిన్నప్పట్నుంచీ ఆశపడింది. తీరా 2003లో తన పెళ్లికి అడిగితే, 'చెదలు కొట్టేసిందే' అంది అమ్మ. అంత జాగ్రత్త మనిషి ఆ ఒక్క చీరనీ కాపాడలేకపోయిందేమిటని కూతురికి ఇన్నేళ్లుగా లోపల చిన్న కినుక. నలుగురిలో దెప్పింది కూడా.

అమ్మమ్మ చేతులు తుడుచుకుని లేచి వచ్చింది. చీర అంచుని బొటనవేలితో నిమిరింది. కొంగు తిరగేసి చూసింది. 'నాది కాదులే. నా దానికి కుచ్చిళ్ల దగ్గర తలంబ్రాల పసుపు మరక ఉండేది' అంది. ఆగి, మళ్లీ మెల్లగా అంది. 'చెదలు కొట్టలేదే అమ్మాయ్. అమ్మేశాను.'

2000 సంవత్సరం. కూతురికి బీఈడీలో సీటొచ్చింది. ఫీజు కట్టడానికి ఇంట్లో డబ్బు లేదు. 'పాత పట్టుచీరలు కొంటాం... జరీ చీరలు కొంటాం' అని సైకిల్ మీద కేకేసుకుంటూ వెళ్లే మనిషిని మధ్యాహ్నం వేళ, ఎవరూ లేకుండా చూసి పిలిచింది. అతనికి చీరతో పనిలేదు. జరీతోనే పని. అంచూ కొంగూ కాలిస్తే దారం బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. తూకం వేసి 900 రూపాయలు చేతిలో పెట్టాడు. తక్కువపడినదానికి రెండు వెండి గ్లాసులు వెళ్లాయి. 'చెబితే నువ్వు చదువు మానేస్తానంటావని చెప్పలేదు. తర్వాతేమో... ఇక చెప్పి ఏం లాభమని' అంది అమ్మమ్మ.

పాతికేళ్లుగా టీచరుగా ఎంతోమంది పిల్లలకు పాఠాలు చెప్పిన ఆ కూతురికి నోట మాట రాలేదు. అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీయడం మొదలుపెట్టింది.

అమ్మమ్మ మాత్రం ఇంకా ఆ చీర వంకే చూస్తోంది. 'ఎవరిదో పాపం... ఏ అవసరానికి ఇచ్చేసిందో. కాలిపోకుండా ఇలా వచ్చింది, అదే నయం. కట్టుకో తల్లీ. కానీ వింటేజో గింటేజో అనకు. ఎవరో ఆవిడ చీర అను.'

సంతలో దొరికేది గళ్ల చొక్కా అయినా, ఫోన్లో దొరికేది పట్టుచీర అయినా, దాని వెనక ఒక ఇల్లు ఉంటుంది. కొన్ని బీరువాలు ఖాళీ చేసుకోవడానికి వస్తాయి, కొన్ని ఖాళీ అయిన ఇళ్లలోంచి వస్తాయి. కొనేవాళ్లకి ఆ తేడా తెలియదు. తెలియకపోయినా, భద్రంగా కట్టుకుని, భద్రంగా మడతపెట్టడం మాత్రం చేతిలో పనే.

ఆ రాత్రి తల్లి బీరువా తెరిచి తన పెళ్లిచీర తీసి మంచం మీద పెట్టింది. ముదురాకుపచ్చ, గులాబీ అంచు. 'వచ్చే పండక్కి ఇది కట్టుకుంటావా?' అని కూతుర్ని అడిగింది. అమ్మమ్మ జరీని వేలితో రుద్ది చూసి నవ్వేసింది.

'వెండి చుక్క లేదు. దీన్ని ఏ జరీవాడూ కొనడు. అందుకే నీకు మిగిలింది!'

ముగ్గురూ నవ్వారు. మనవరాలు అప్పటికే అద్దం ముందు నిలబడి ఆకుపచ్చ చీర భుజం మీద వేసుకుని చూసుకుంటోంది.