పేర్ల వరుస

మన సభ్యుల పట్టికను ఈ ఉగాది సంచిక కోసం అకారాదిగా కూర్చే పని నాకప్పగించారు. అహ్మదిలో చమురు కంపెనీ ఇంజనీరుకి ఇదో లెక్కా అనుకున్నారు కాబోలు!

వర్డ్‌లో పట్టిక గీసి ‘సార్ట్’ నొక్కితే చాలన్నది నిజమే. కానీ అక్కడ ‘సార్ట్ కాలమ్ ఓన్లీ’ అని చిన్న గడి ఒకటుంది. దానికి టిక్కు పెట్టారో, పేర్లు మాత్రమే కదులుతాయి, పక్కనున్న రక్తం గ్రూపులు కదలవు. ఎవరి పేరు పక్కన ఎవరి గ్రూపు పడుతుందో ఆ దేవుడికే ఎరుక. అందుకే సార్ట్ చేశాక ఒక్కొక్క వరుసా మీరిచ్చిన కాగితాలతో సరిచూశాను.

పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన అక్షరాల్ని కూర్చోబెట్టేవి. వాటిలో సార్ట్ చేస్తే ‘మ’ ముందో ‘క’ ముందో! 1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలున్నాయి గనుక ఆ బాధ తీరింది.

అసలు చిక్కు వేరే. ఇంటిపేరుతో వరుస కడితే మా ఆవిడ నా వెనకాల ‘శ్రీమతి’గా మిగిలిపోతుంది. ఆమె గ్రూపు వేరు, ఫోను వేరు. అందుకని భార్యాభర్తలకు చెరో వరుస ఇచ్చి, సొంత పేరుతోనే సార్ట్ చేశాను. పేజీలు పెరిగాయని కోశాధికారిగారు గొణిగారు, గొణగనివ్వండి.

అమ్మలూ, అక్కలూ, మీ పేర్లు మీ అక్షరం దగ్గరే వెతుక్కోండి. గ్రూపు మాత్రం మరోసారి చూసుకోండి.